మాణిక్యమ్మ అరువిచ్చిన చెయ్యి

వేలు పట్టేసిందని చెబితే ప్రమీలకి చాలదు. ఏ చెయ్యి? ఏ వేలు? అవి రెండూ తేలాలి. డాక్టరు గారు చీటీ మీద "ట్రిగ్గర్ ఫింగర్" అని గిలికి చేతులు దులుపుకుంటే, ఆ చీటీ పట్టుకుని వరండా అంతా దాటి ఆయన గదిలోకి వెళ్లి, పేషెంట్ల ముందే "ఏ వేలండీ?" అని నిలదీసే మనిషి. ఒకసారా రెండుసార్లా, రోజుకి నాలుగుసార్లు! నరసాపురంలోని ఆ చేతుల పరిశోధన కేంద్రంలో ప్రమీల చెప్పుల చప్పుడు వినబడగానే డాక్టర్ గోపాలరాజు గారు పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చునేవారు.

నవ్వులాటకి అంటున్నాను గానీ, అక్కడ ఆ ప్రశ్నకి అంత పనీ ఉంది. ప్రతి జబ్బుకీ అంకెల్లో ఒక కోడు ఉంటుంది, ఇలా పట్టేసిన వేలికి ఆ కోడు ఎం 65.3తో మొదలవుతుంది. ఆ తర్వాతి అంకె వేలిది. బొటనవేలికి ఒకటి, చూపుడువేలికి రెండు, అలా చిటికెనవేలికి ఐదు. చివరి అంకె చేతిది. కుడికి ఒకటి, ఎడమకి రెండు. కుడిచేతి ఉంగరపు వేలంటే 65.341 అన్నమాట. ప్రమీల పదిహేనేళ్లు హైదరాబాదులో కూర్చుని, ఎక్కడెక్కడి ఆసుపత్రుల నుంచో వచ్చిన కేసు కాగితాలకి ఇలాంటి అంకెలు వేసింది. భర్తకి నరసాపురం బదిలీ అయితే ఆ విద్యని ఇక్కడికి పట్టుకొచ్చింది. అక్కడ ఒక అంకె తప్పితే కాగితం తిరిగొచ్చేది. ఇక్కడ తప్పితే వైద్యం పక్క వేలికి జరిగిపోతుంది. ఎందుకంటే రాజుగారు కనిపెట్టిన తొడుగులు ఆ కోడు చూసుకునే పనిచేస్తాయి.

ఆ తొడుగుల సంగతి ఆవిడకి మొదటి వారంలో బొత్తిగా మింగుడుపడలేదు.

"మీ పుస్తకం మూడుసార్లు చదివానండీ, నాకేం బోధపడలేదు," అంది.

"చదివితే బోధపడదులెండి. తొడుక్కోండి," అన్నారు రాజుగారు.

తొడుగులు జంట. పల్చగా, బూడిద రంగులో, చేతికి రెండో చర్మంలా అతుక్కుంటాయి. ఒకటి జబ్బు చేతికి, రెండోది బాగున్న చేతికి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే పని చెయ్యాలి. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల పని ఏమిటో వేరే చెప్పాలా, లేసు అల్లికే. కొక్కెం ఉన్న సన్నటి సూదితో పొద్దస్తమానం తెల్ల దారాన్ని లాగి లాగి ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి వేళ్లు పట్టేస్తాయి. వేలిని ముడిచే స్నాయువు ఒక సన్నటి గొట్టంలోంచి జారుతూ ఉంటుంది. అది వాచి ఒకచోట బుడిపె కడితే, లంగా బొందుకి ముడి పడినట్టే. ముడి కుట్టు దగ్గర ఆగిపోతుంది. గట్టిగా లాగితే టక్కుమని దూరుతుంది, ప్రాణం పోయినంత పనవుతుంది. పొద్దున్న లేస్తూనే ముడుచుకుపోయిన వేలిని రెండో చేత్తో పట్టి విప్పుకునే ఆడవాళ్లు ఆ ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ప్రమీల తొడుగు వేసుకుని, చిన్నప్పుడు అమ్మమ్మ నేర్పిన గొలుసు కుట్టు మొదలుపెట్టింది. పక్కన ఉంగరపు వేలు పట్టేసిన ఒక లేసు అల్లే ఆవిడ. రెండు కుట్లు బాగానే పడ్డాయి. మూడో కుట్టుకి ఆవిడ వేలు ఆగింది. అంతే, ఏ రోగమూ లేని ప్రమీల ఉంగరపు వేలిని ఎవరో లోపలికి లాగి బిగించినట్టయింది. టక్! మోచేతి దాకా నొప్పి పాకింది.

"అమ్మో!" అని సూది జారవిడిచింది.

"ఇప్పుడు మీ చెయ్యి ఏం చేసిందో చూశారా?" రాజుగారి కళ్లు చిన్నపిల్లాడి కళ్లలా వెలిగాయి. "పట్టేయగానే మీకు తెలియకుండానే కాస్త సడలించింది. ఆ సడలింపే మందు. తొడుగు దాన్ని తీసుకెళ్లి ఆవిడ వేలికి నేర్పుతుంది, సన్నటి కదలికలతో వాపు తీస్తుంది. రోజుకి నలభై నిమిషాలు, ఇరవై ఒక్క రోజులు. ఇంజెక్షన్ లేదు, కత్తి లేదు."

"నాకు నొప్పి తెలియకుండా చెయ్యలేరా?"

"తెలియకపోతే మీ చెయ్యి సడలించదు. సడలించకపోతే నేర్పడానికేముంది?"

"మరి అరువిచ్చిన చేతి గతి?"

"రెండుసార్ల వరకు, అంటే ఇద్దరు రోగుల వరకు, ఏమీ కాదు. లెక్క కట్టే చెబుతున్నాను. ఒక చెయ్యి రెండుసార్లకి మించి ఇవ్వకూడదని రూలు కూడా పెట్టాను."

"ఆ చేతికి కోడేం వెయ్యమంటారు?"

"దానికి జబ్బు లేదు కదండీ, కోడెందుకు?"

నిజమే కదా అనుకుంది ప్రమీల. రోజుకి నాలుగుసార్లు ఏ వేలని అడిగే మనిషి, ఆ ఒక్క ప్రశ్న రెండోసారి అడగలేదు. తర్వాత ఆవిడ తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

తొమ్మిది నెలలు గడిచాయి. తొడుగులు ఇళ్లకే ఇచ్చి పంపేవారు. రోగి తనకి చెయ్యి అరువిచ్చే మనిషిని వెంటబెట్టుకుని వచ్చి, రిజిస్టరులో పేరు రాయించి, తొడుగులు పట్టుకెళ్లేది. ఇంట్లో కూర్చుని అల్లుకుంటే ఆ కదలికలన్నీ గీతలై కేంద్రానికి చేరేవి. ముప్ఫై తొమ్మిది మంది అలా వైద్యం చేయించుకున్నారు. ముప్ఫై తొమ్మిది మందికీ నయమైంది! జడ వేసుకోలేకపోయినావిడ జడ వేసుకుని వచ్చి చూపించి వెళ్లింది. ఇంకొకావిడ పిండివంటల డబ్బా తెచ్చి, మూత తనే తిప్పి తీసి, "చూశారా డాక్టరు గారూ" అని అందరికీ పంచింది. రాజుగారిని చూస్తే ప్రమీలకి ముచ్చటేసేది. ఇంత పెద్ద సంగతి కనిపెట్టి కూడా, రోగి నవ్వితే ఆ నవ్వు తనకి బహుమానం ఇచ్చినట్టు సిగ్గుపడిపోయేవారు.

తొడుగుల్ని జనంలోకి వదలడానికి అనుమతి ఇచ్చే బృందం సోమవారం వస్తుందని కబురొచ్చింది. నలభయ్యో కేసు కడలి సత్యవేణిది. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, కుడిచేతి మధ్యవేలు. అన్నం ముద్ద కలుపుతుంటే వేలు పట్టేసి కంచంలోనే చెయ్యి ఆగిపోతుందని చెప్పుకుని ఏడ్చింది. ఆమె వెనక ఇంకో అరవై మంది పేర్లున్నాయి. ప్రమీల సత్యవేణికి 65.331 వేసేస్తే తొడుగులు వెళ్లిపోతాయి. ఆ అంకె వేసేముందు, వచ్చే బృందం కోసం పాత ఫైళ్లన్నీ ఒకసారి సరిచూద్దామని కూర్చుంది.

రోగుల గీతలు చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఎలాగూ కూర్చున్నాను కదా అని అరువు చేతుల గీతలు కూడా తెరిచింది. అవి ఎవరూ చూడనివి. కోడు లేని వాటిని చూడమని ఎవరికీ చెప్పలేదు.

పదిహేనేళ్లు డాక్టర్ల గిలుకుడు చదివిన కళ్లకి ఎవరి రాత ఎవరిదో చప్పున తెలిసిపోతుంది. అల్లిక కూడా చేతిరాతలాంటిదే. మొదటి ఫైల్లో అరువు చెయ్యి ఐదు కుట్లు వేసి, చిన్నగా ఆగి, దారాన్ని ఒకసారి బిగించి మళ్లీ ఐదు వేస్తోంది. చాలా అందమైన చెయ్యి, తొట్రుపాటు అన్నది లేదు. రెండో ఫైల్లో అదే. వేరే పేరు, అదే ఐదు, అదే ఆగడం. ఎనిమిదో ఫైలు. పదిహేనోది. అన్నీ తిరగేసేసరికి తేలింది. మూడు తప్ప మిగతా ముప్ఫై ఆరూ ఒక్క చెయ్యే. ముప్ఫై ఆరు పేర్లు, ఒక్క చెయ్యి!

ఇరవై రెండో ఫైలు దగ్గర ఆ చేతి ఉంగరపు వేలి గీత మీద ఒక చిన్న గంటు కనిపించింది. ఆ సమయానికి రోగి వేలు కదలనే లేదు. అంటే అది రోగి దగ్గర నుంచి వచ్చింది కాదు, ఆ చేతిదే. ముప్ఫయ్యో ఫైలుకి గంటు పెద్దదైంది. ముప్ఫై ఆరో దాంట్లో ప్రతి ఐదు కుట్లకీ ఒకటి.

సత్యవేణి ఫైలు చంకలో పెట్టుకుని ప్రమీల ఆటో ఎక్కింది.

లేసు పేటలో మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుల మీద ఆడవాళ్లంతా వరసగా కూర్చుంటారు. ఒళ్లో తెల్లటి గుడ్డలు, నోట్లో లోకం కబుర్లు, చూపు మాత్రం సూది మీంచి కదలదు. ప్రమీలని చూసి సత్యవేణి లేచి పీట వేసింది.

"సత్యవేణీ, నీకు చెయ్యి అరువిచ్చేది ఎవరు?"

"మా తోటికోడలు మంగండి. రాయించాం కదండి."

"రాయించారు. ఇంట్లో తొడుక్కుని కూర్చునేది ఎవరు?"

సత్యవేణి కొంచెమైనా తడబడలేదు. "కూచునేది మాణిక్యం అత్తండి."

"అదేమిటి? మరి మంగ పేరెందుకు?"

"ఇస్తానన్నది మంగే కదండీ. దానికీ చేతి ఏళ్లు నొప్పులండి, అందుకని అత్త కూచుంటది. పని మంగదే కదండి మరి!" ఇంత తెలిసిన మేడమ్ గారికి ఇది తెలియకపోవడమేమిటన్నట్టు చూసింది. "లేసుకైనా అంతేనండి. నాది అవ్వకపోతే పక్కావిడ అల్లి పెడతది. గుడ్డ నా పేరునే ఎల్తది. ఎవరల్లారని ఎవరూ అడగరండి, అడిగితే బాగోదు."

చుట్టూ ఉన్నవాళ్లంతా "ఆయ్, అంతేనండి" అన్నారు. దాచినదేమీ లేదు. మోసం చేశామన్న ఊసే లేదు. వాళ్లు తరతరాలుగా ఎలా పని చేసుకుంటున్నారో వైద్యం కూడా అలాగే చేసుకున్నారు. నయమైన వాళ్లలో పది మంది ఆ అరుగుల మీదే ఉన్నారు, చకచకా అల్లుతున్నారు. ఒకరి పక్కింటికి, ఒకరి ఎదురింటికి, రోజుకి మూడిళ్లకి మాణిక్యమ్మ వెళ్లేదన్న సంగతి ఎవరి మటుకు వాళ్లకి తెలుసు. అన్నీ కలిపి ముప్ఫై ఆరని మాత్రం వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ప్రమీల ఆ మాట చెప్పేసరికి ఒకావిడ చేతిలో సూది ఆగిపోయింది.

చోడిశెట్టి వీరమాణిక్యం ఇల్లు వీధి చివర. యాభై ఎనిమిదేళ్లుంటాయి, మనిషి బక్కపల్చన, మాట మాత్రం దిట్టం. పేటలో ఎవరూ అల్లలేని ద్రాక్షగుత్తుల అంచు ఆవిడే అల్లాలి. ఏడేళ్ల వయసులో పట్టిన సూది. కూతుళ్లూ కోడళ్లూ కాక, ఆ వీధిలో సగం మందికి మొదటి కుట్టు నేర్పింది ఆవిడే. గుమ్మంలో కూర్చుని అల్లుతోంది. సూదిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి పట్టుకుంది. ఉంగరపు వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది.

"పిన్నిగారూ, కుడి చెయ్యి ఒకసారి చూపిస్తారా?"

ఆవిడ ఎడమ చెయ్యి చాపింది. "ఇదిగోమ్మా, గుండ్రాయిలా ఉంది."

"కుడిది."

"కుడేంటి, ఎడమేంటి, రెండూ నాయేగా!" అని నవ్వి కుడి చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. ఎడమ చెయ్యి కూడా కొంగు కిందికి వెళ్లి కదిలింది. టక్. అరుగు మీద కూర్చున్న ప్రమీలకి ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది. మాణిక్యమ్మ ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు. తర్వాత చెయ్యి బయటకి తీసి, ఐదు వేళ్లూ చాపి, "చూసుకో" అంది.

ప్రమీలకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు కోపమే బయటపడింది. "మీకు బుద్ధుందా అండీ? రెండుసార్లకి మించి ఇవ్వకూడదని చెప్పారు కదా!"

"చెప్పారు. మరి బాగున్న చేతులేయమ్మా ఈ పేటలో? అందరివీ పోయినయ్యే. నాదొక్కటే మిగిలింది. నాది నేను దాచుకుని కూచోనా?"

"నొప్పి వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? నేనేమన్నా రాయినా? మొదట్లో ఇంటికొచ్చి చెయ్యి గంజిలో ముంచుకుని ఏడిచేదాన్ని." ఆవిడ దారపుండని ఒళ్లోకి లాక్కుంది. "అయితే ఒక్క సంగతి చెప్తాను, మీ డాక్టరు గారిక్కూడా తెలీదు. పోటు ఒక్కటే కాదమ్మా ఇటొచ్చేది. పద్దెనిమిదో రోజో, ఇరవయ్యో రోజో, అవతలావిడ ఏలు అడ్డం లేకుండా జారతది చూడు, అదీ నా చేతికొస్తది. అబ్బ! ఇన్నాళ్లూ మూసుకుపోయిన కిటికీ ఒక్కసారి తీసినట్టుంటదమ్మా. ఆళ్లకంటే ముందు నాకే తెలుస్తది. నేనే అరుస్తాను, 'ఒసే, నీది తెరుచుకుందే!' అని. ముప్ఫై ఆరుసార్లు అరిచాను. మొన్నటిది చిన్న పిల్ల, ఇరవై ఆరేళ్లు. నన్ను వాటేసుకుని ఒకటే ఏడుపు. ఆ సుఖం మరిగాక ఎక్కడ మానతాను చెప్పు?"

ప్రమీల తన జన్మలో ఎన్ని వేల చేతులకి అంకెలు వేసిందో, ఇలాంటి చెయ్యి ఒక్కటీ చూడలేదు. దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు, పెడితే ఆవిడ తిట్టి పంపేస్తుంది.

"పిన్నీ, నేను రాయాలి."

మాణిక్యమ్మ నవ్వు పోయింది. "రాయకమ్మా. రాస్తే మొత్తం ఆపేస్తారు. సత్యవేణిదొక్కటి కానీయ్. చంటిదానికి పాలసీసా పట్టలేకపోతంది అది. ఈ ఒక్కటీ అయ్యాక నీ ఇష్టం, ఏ అంకె కావాలంటే ఆ అంకె రాసుకో."

"ఈ ఒక్కటీ అయ్యేసరికి మీ వేలు పూర్తిగా ముడుచుకుపోతే? సూది పట్టుకోలేకపోతే?"

ఆవిడ ఒళ్లో ఉన్న సగం అల్లిన గుత్తిని వేళ్లతో ఒకసారి సాపు చేసింది.

"అప్పుడు చూద్దాంలే," అంది.

ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ ప్రమీల తనతో తను దెబ్బలాడుకుంది. రాయకపోతే సత్యవేణికి మూడు వారాల్లో నయమవుతుంది, సోమవారం అనుమతి వస్తుంది, అరవై మందికి దారి తెరుచుకుంటుంది. రాస్తే ఒక్క ముసలావిడ వేలు మిగులుతుందేమో, అదీ అనుమానమే. ఒకటీ అరవైనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరైనా రాయొద్దనే అంటారు. కానీ ఎవరూ రాయకపోబట్టే కదా ఆ చెయ్యి అలా అయింది! తొమ్మిది నెలలుగా తను ఒక్క అంకె వేసి ఉంటే ఇరవై రెండో కేసు దగ్గరే పట్టుకునేది. కేంద్రం గేటు దగ్గర దిగేసరికి ఆవిడకి ఇంకే సందేహమూ లేదు.

రాజుగారు సోమవారం ఏ గది చూపించాలో, ఎవరిని మాట్లాడించాలో కాగితం మీద రాసుకుంటున్నారు. ప్రమీల చెప్పడం మొదలుపెట్టింది. ఆయన పెన్ను మధ్యలోనే ఆగింది.

"ఏ వేలు?" అని ఆయనే అడిగారు.

"కుడి ఉంగరపు వేలండీ. ముదిరింది."

ముప్ఫై ఆరు ఫైళ్లూ ఆయన స్వయంగా తెరిచి చూశారు. కాఫీ చల్లారి తొరక కట్టింది. చివరి గీత చూశాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "నేను ముప్ఫై ఆరుమందికి వైద్యం చేశాననుకుంటున్నానండీ ప్రమీల గారూ. చేసింది ఆవిడ. నేను తొడుగులు కుట్టానంతే," అన్నారు. ఆయన గొంతు ఆయనకే వినపడనంత చిన్నగా ఉంది. ఇంకొకరైతే సోమవారం దాకా నోరు మూసుకో అనేవారేమో, ప్రమీల అందుకు కూడా సిద్ధపడే వచ్చింది. ఆయన మాత్రం ఫోను తీసి బృందానికి రావద్దని చెప్పారు. కారణం అడిగితే దాచకుండా చెప్పారు. పదకొండేళ్ల కష్టాన్ని ఒక్క ఫోనుతో పక్కన పెట్టిన మనిషిని ప్రమీల ఆ రోజే చూసింది.

తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్లి కొత్త ఫైలు తెరిచి, చోడిశెట్టి వీరమాణిక్యం అని రాసి, ఎం 65.341 వేసింది. ఎందువల్ల వచ్చిందో దానికి కూడా ఒక కోడు వెయ్యాలి కదా అని పుస్తకమంతా గాలించింది. బాతు కరిస్తే కోడుంది. తాబేలు కరిస్తే కోడుంది. కిడ్నీ ఇచ్చినవాళ్లకుంది, రక్తం ఇచ్చినవాళ్లకుంది. ఇంకొకరి నొప్పిని తన చేతిలోకి తీసుకున్నవాళ్లకి మాత్రం ఎక్కడా లేదు. ఆఖరికి కోడు ఉండాల్సిన గడిలో తెలుగులోనే రాసింది: "ముప్ఫై ఆరుమందికి చెయ్యి అరువిచ్చినందువల్ల."

రెండోరోజు సత్యవేణి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడమ్ గారండీ, మీ అంకె మీకు దక్కింది. నా ఏలు నాకు దక్కలేదు," అనేసి వెళ్లిపోయింది. ఆ మాట చాలా రోజులు ప్రమీల చెవిలోనే ఉంది. దానికి జవాబు ఉందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

జవాబు రాజుగారు వెతికారు. తొడుగుల్ని మార్చి, మొదటి రోజు తొడుక్కున్న చేతికి తప్ప ఇంకో చేతికి పలకకుండా చేశారు. అరువిచ్చే ప్రతి మనిషికీ ఫైలు, వారం వారం పరీక్ష, గీతలో వెంట్రుకంత గంటు కనిపించినా తొడుగు దానంతటదే ఆగిపోవడం. అన్నిటికంటే ముఖ్యమైనది ప్రమీలకి తట్టింది. నయమైన ముప్ఫై తొమ్మిది చేతులూ ఇప్పుడు బాగున్న చేతులే కదా! రోగుల జాబితాలో ఉండబట్టి వాళ్లని ఇన్నాళ్లూ ఎవరూ అలా చూడలేదు. అడగడానికి పేటకి వెళ్తే, మేమంటే మేమని పేర్లిచ్చారు. అయితే అందరి నోటా ఒకటే మాట: మొదటి వంతు సత్యవేణిది కాదు, మాణిక్యం అత్తదే. సత్యవేణి కూడా అదే అంది, తల వంచుకుని.

మాణిక్యమ్మ ససేమిరా అంది.

"అవతల తొడుగు ఎవరు తొడుక్కుంటారు బాబూ?" అని అడిగింది రాజుగారిని.

"ఇంతమంది వస్తామంటున్నారు కదమ్మా."

"ఆళ్లకేం తెలుసు? నాది ముదిరిపోయిందని మీరే అన్నారు. ముదిరినదాని పోటు ఎట్టా ఉంటదో మీకు తెలీదు, మీరు చదివారంతే. నాకు తెలుసు. తెలిసుండి ఇంకో ఆడదాని చేతిలో పెట్టనా? కత్తి ఉంది కదా, కోసెయ్యండి."

"కత్తి ఒక్క పోగు పక్కకి పోయినా వేలికి పట్టు పోతుందమ్మా. మీరు మళ్లీ సూది పట్టుకోలేకపోవచ్చు."

"పోతే నా ఒక్కదానిదేగా పోయేది," అంది ఆవిడ.

ఆ తొడుగుల గురించి లోకంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆ తొడుగులు వద్దంది. రాజుగారు దాని మీద వాదించలేదు. జిల్లాలో చేతి ఆపరేషన్లలో పేరున్న డాక్టరమ్మకి ఆయనే ఉత్తరం రాశారు.

ఆపరేషన్ రోజు పక్కన ఒకరు ఉండొచ్చంటే మాణిక్యమ్మ ప్రమీల పేరు చెప్పింది. చేతిలో కోసేచోట మాత్రమే మత్తు, మనిషి మెలకువగానే ఉండాలి. గొట్టం కోశాక వేలు ఆడుతోందో లేదో రోగి చేతే ముడిపించి చూస్తారు. మధ్యలో పచ్చగుడ్డ అడ్డం కట్టారు. ఇవతల మాణిక్యమ్మ తల, తల దగ్గర ప్రమీల. ఆవిడ ఎడమ చేత్తో ప్రమీల చెయ్యి పట్టుకుంది, ఎంత గట్టిగా అంటే ప్రమీల గాజు వంకరపోయింది. పది నిమిషాలు కత్తుల గలగల తప్ప ఇంకేమీ వినపడలేదు. ప్రమీల పెదవులు కొరుక్కుంటూ ద్రాక్షగుత్తులే తలుచుకుంది.

"ఇప్పుడు ఉంగరపు వేలు ముడవండమ్మా," అంది గుడ్డ అవతలి నుంచి డాక్టరమ్మ.

మాణిక్యమ్మ కళ్లు మూసుకుంది. పళ్లు బిగించింది. నెలల తరబడి వేలు ముడిచిన ప్రతిసారీ వచ్చిన పోటు కోసం ఒళ్లంతా కాచుకుని ఉంది. ప్రమీల కూడా ఊపిరి బిగబట్టి టక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

"ఆఁ, ముడిచారు. ఇప్పుడు చాపండి."

చప్పుడు లేదు.

మాణిక్యమ్మ మెల్లగా కళ్లు తెరిచింది. ముందు పైకప్పుని చూసింది, తర్వాత ప్రమీలని. పసిపిల్ల ముఖంలా అయోమయంగా ఉంది ఆ ముఖం.

"తెరుచుకుంది," అంది గొణుగుతున్నట్టు. "అమ్మాయ్, ఇది ఎవరిదే?"

ప్రమీల ఆవిడ ముఖం దగ్గరికి వంగింది.

"నీదే పిన్నీ. ఇది నీదే."

ఆవిడ కణతల మీంచి నీళ్లు జారి చెవుల్లోకి పోతున్నా తుడుచుకోలేదు. తర్వాత గుడ్డ అవతలికి వినపడేలా గొంతు సవరించుకుంది.

"డాక్టరమ్మ గారూ, ఇంకొక్కసారి ముడుచుకోనా అండీ?"